రాతి మీద రెండో వరుస

రేపు పొద్దున పదింటికి విగ్రహావిష్కరణ. విగ్రహం కింద నల్లరాతి మీద అక్షరాలు అప్పటికే చెక్కేశారు. మొదటి వరుస: ‘సరిహద్దు పోరాట అమరుడు మునెయ్య’. రెండో వరుస: ‘చెంగయ్య చేసిన ద్రోహానికి బలైనవాడు’.

ఆ రెండో వరుస తీయించమని చెంగయ్య కూతురు పంకజాక్షి తిరుపతి దాకా వెళ్లి జయచంద్ర కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆయన చరిత్ర ప్రొఫెసరుగా రిటైరై నాలుగేళ్లయింది. సరిహద్దు ఊళ్ల మీద ఆయన రాసిన పుస్తకాలు కాలేజీల్లో పాఠాలు. ఆమె అడగడమే ఆలస్యం, వెంటనే బయల్దేరి వచ్చేశాడు.

నగరి దాటి ఆరు మైళ్లు పోతే ఆ ఊరు, ఎగువ కొండ్రపాళెం. పాలకేంద్రం వరండాలో విగ్రహం కమిటీవాళ్లు కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద గోవిందు. ఎనభై దాటినా గొంతు ఖంగుమంటుంది.

“ఊర్లు పంచేటప్పుడు మనూరు మద్రాసోళ్లకు పోతాదని హద్దురాయి నాటేదానికొచ్చినారు సామీ. మునెయ్య ఆ గుంతలో దిగి కూసున్నాడు. సర్వేవోళ్ల గొలుసు లాగే కూలోడు చెంగయ్య. ఆయప్పే పోయి పోలీసోళ్లను పిల్చకొచ్చినాడు. కాల్సినారు. ఈ కండ్లతో సూసినాను.”

“కాల్పులు జరిగినట్టు యాడా రికార్డు లేదప్పా. మునెయ్య అనే మనిషి పేరు ఏ జాబితాలోనూ లేదు,” అన్నాడు జయచంద్ర.

“సంపినోళ్లు రాసి పెట్టుకుంటారా?”

కాగితం దాచింది జనం నోట దొరుకుతుందని ముప్పై ఏళ్లు విద్యార్థులకు ఊదరగొట్టింది జయచంద్రే. మునెయ్యకు నా అన్నవాళ్లు లేరంటూనే నాలుగిళ్లవాళ్లు ‘మా పెదనాయన కొడుకే’ అంటున్నారు.

“ఈ కథంతా నాటకంలోది కదా, గోవిందప్పా? ఒకప్పుడు మీ ఊళ్లో ఏటా ఆడేవాళ్లు.”

“మేము సెప్పింది ఇని ఎవురో నాటకం కట్టినారు. ఆ రాసినోడే వచ్చి కాదన్నా మేము ఒప్పుకోము. వాడు సూసినాడా ఏమి?” గోవిందు కళ్లు మూసుకున్నాడు. “పానం పోతా మునెయ్య ఏమన్నాడో తెల్సునా? ‘నన్ను లేపొద్దండి. నేను లేస్తే...’” దగ్గు అడ్డమొచ్చింది.

“‘ఈడ రాయి లేస్తాది,’” అని పూర్తి చేశాడు జయచంద్ర.

“సూడండి, మీకూ తెల్సు కదా,” అని గోవిందు సంతోషపడ్డాడు.

పక్కనే కూర్చున్న కమిటీ సభ్యురాలు చంద్రకాంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అది దొంగ ఏడుపు కాదు. జయచంద్రను చేతకానివాణ్ని చేసింది ఆ ఏడుపే. అబద్ధాలాడేవాళ్లను నిలదీయొచ్చు. నిజంగా ఏడ్చేవాళ్లను ఏమనగలం?

రెండు గంటలు బతిమాలాడు. రాతి మీద ఒక్క అక్షరం కూడా కదల్లేదు. పైగా టీ తాగించి, రేపు మీరే దండ వెయ్యాలని పట్టుబట్టారు.

బస్టాపు దాకా పంకజాక్షి వెంట వచ్చింది. మరమగ్గాల పనిలో అరిగిపోయిన మనిషి, అయినా అంత దూరం నడిచింది.

“మా నాయన ఆ పొద్దు కూలికి పోయి సాయంత్రం ఇంటికొచ్చినాడు సామీ. అంతే. ఆయప్ప పోయినప్పుడు పాడె మోసేదానికి పక్కూరోళ్లను పిల్చకొచ్చినాం.”

జయచంద్ర బస్సు వచ్చే వైపు చూశాడు.

“ఊర్లో ఇంతమంది ఉండంగా మా నాయన పేరే ఎందుకొచ్చిందో, అంత సదువుకున్నోరు, మీకేమన్నా తెల్సునా సామీ?”

నలభై ఏళ్ల కిందట చిత్తూరు నాటక పోటీలకు ఆ నాటకం రాస్తూ, ద్రోహికి ఏదో ఒక పేరు కావాలని పాత సర్వే కాగితాల్లో వెతికి చెంగయ్య పేరు పెట్టింది జయచంద్రే.