మైక్ సెట్ యేసన్న చెవి

"తీసెయ్యప్పా తిప్పేషూ, ఇది పనికిరాదు," అన్నాడు యేసన్న, పాట పల్లవి దాటకముందే.

కారు కిటికీలోంచి తొంగి చూస్తున్న తిప్పేషు తల గోక్కున్నాడు. సోమందేపల్లె హైవే పక్కన కార్ల సౌండు అంగడి అతనిది.

"ఏం తక్కువాయ పెద్దాయనా?"

"గీపెడతాండాది. చేతి తాళాలు మోగినట్ల ల్యా, రేకు మీద మేకుతో గీకినట్లుండాది."

"అబ్బ! ఏం చెవప్పా ఇది!" అంటూ తిప్పేషు ఆ ఆంప్లిఫయర్ వైర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు.

కారు యేసన్న కూతురు జాయ్‌ది. సెకండ్ హ్యాండుదే అయినా సొంత కష్టంతో కొనుక్కున్న మొదటి కారు. అందులో ముచ్చటపడి రెండు ట్వీటర్లు, అంటే సన్నటి చప్పుళ్లు పలికే బుల్లి స్పీకర్లు, పెట్టించుకుంది. చూడ్డానికి సీసా మూతంత ఉంటాయి, గారాబం మాత్రం కొండంత. పవర్ తక్కువైతే కీచుమంటాయి, ఎక్కువైతే కాలిపోతాయి. వాటికి సరిజోడు ఆంప్లిఫయర్ కోసమే తండ్రిని వెంటబెట్టుకుని మడకశిర నుంచి వచ్చింది.

"నిన్న ఈ దారిలో పోతా నీ అంగడి చూసినా అన్నా. కానీ మా నాయన చెవికి నచ్చాల. ముప్పై ఏండ్లు మైక్ సెట్ నడిపినాడు," అని రాగానే చెప్పింది జాయ్. ఆ మాటకు యేసన్న ఛాతీ ఉబ్బింది, చెయ్యి మాత్రం తెలియకుండానే చెవి మీదికి పోయింది.

ఎందుకంటే ఆ చెవి సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు మైక్ హారన్ల పక్కన కూర్చున్న పుణ్యమా అని, మాటలూ డోలూ వినపడతాయి గానీ సన్నటి చప్పుళ్లు రెండేళ్లుగా వినపడటం లేదు. పిచ్చుక నోరు తెరవడం కనిపిస్తుంది, అంతే. ఇప్పుడు కారులో మోగుతున్నది చర్చిలో ఆయన భార్య సువార్త చేతి తాళాలు వాయిస్తూ పాడిన పాట. గొంతు వినపడుతోంది. తాళాలు ఒక్కటంటే ఒక్కటి వినపడి చావడం లేదు. బళ్లో చదివే రోజుల నుంచీ జాయ్ ఊరంతా గొప్పగా చెప్పుకున్న చెవి ఇది. దీని పరువు ఈ పూట కూతురి ముందు పోతే ఇంకేముంది?

అదృష్టం బాగుండి ఒక దారి దొరికింది. "అద్దంలో ఎండ కండ్లకు కొడతాండాది," అంటూ జాయ్ స్టీరింగు ముందు కూర్చోగానే నడిమి అద్దాన్ని పక్కకు తిప్పింది. పక్క సీట్లోని యేసన్నకు తల తిప్పకుండానే కూతురి ముఖమంతా అందులో కనిపించింది. మొదటి ఆంప్‌కు ఆ ముఖం చింతకాయ కొరికినట్లయింది. తీసెయ్యమన్నాడు. దొంగతనం ఇంత సులువని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు.

రెండోది బిగించారు. అద్దంలో జాయ్ మెడ ముందుకు సాచి, కనుబొమలు ముడిచి, ఏదో వెతుక్కుంటున్నట్టు వింటోంది.

"ఇది చాలదప్పా," అన్నాడు యేసన్న. "తాళాలు దుప్పటి కప్పుకొని మోగుతాండాయి."

తిప్పేషు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. లోపలికి వెళ్లి, కింది అరలోంచి మూడోది తెచ్చి బిగించాడు.

పాట మొదలైంది. అద్దంలో జాయ్ కళ్లు మూసుకుంది. పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. వేళ్లు స్టీరింగు మీద టక్ టక్‌మని ఆడటం మొదలుపెట్టాయి. అచ్చం సువార్త వేళ్లే. వాటిని చూస్తుంటే వినపడని తాళాలు వినపడ్డట్టే అనిపించి యేసన్నకు కళ్లు చెమర్చాయి.

"ఇదే! ఇదేనప్పా!"

"ఆగు పెద్దాయనా," అన్నాడు తిప్పేషు, లోపలికి ఇంకాస్త వంగి. "తాళాలు యా పక్కనుంచి ఎక్కువ వస్తాండాయి, చెప్పు చూద్దాం?"

యేసన్న గబుక్కున అద్దంలోకి చూశాడు. జాయ్ కుడిచెవి కమ్మ సర్దుకుంటోంది.

"కుడిపక్క నుంచి."

"కరెక్టు!" తిప్పేషు తొడ చరిచాడు. "రవంత సరిచేస్తే సరిపోతాది. నేనూ ఇన్నేండ్లుగా ఈ పనిలో ఉండా, ఇట్లాంటి చెవి చూడలేదు."

"మా నాయనంటే ఏమనుకుంటివి అన్నా!" అని జాయ్ తండ్రి భుజానికి తల ఆనించింది. ఇంత నమ్మిన బిడ్డను మోసం చేశానే అని యేసన్నకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. బిడ్డ సంతోషం ముందు అదెంతలే అని సర్దిచెప్పుకున్నాడు.

మడకశిర దారి పట్టారు. జాయ్ అద్దాన్ని మళ్లీ తనవైపు సరిచేసుకుంది. యేసన్న ఆంప్ ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని గెలిచిన పోటీలో కప్పు మాదిరి నిమురుతున్నాడు. పెట్టెలోంచి వారంటీ కార్డు జారింది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఆయన ఎంచిన ఆంప్ పేరే. కొన్నవారి దగ్గర జాయ్ పేరు. కింద తిప్పేషు సంతకం, దాని పక్కన తేదీ. ఆ తేదీని రెండుసార్లు చదివాడు.

"పాపా, దీంట్లో కొన్న తేదీ నిన్నటిది ఉండాదే?"

జాయ్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఏమంటివి నాయనా? నాకీమధ్య చెవులు సరిగ్గా వినపడటంల్యా."