అభిప్రాయాల గడువు

ఇంటి లెక్కల అంతర్జాతీయ ప్రమాణం మళ్లీ మారబోతోంది. ఇకమీదట ఇంటిపని విలువను సున్నాగా రాయాలని ప్రమాణాల మండలి ముసాయిదా తెచ్చింది. ఆ లెక్కలో విలువ లేనివాళ్లకు ఆసుపత్రిలో డయాలసిస్ చెయ్యరు. అభ్యంతరాలకు ఇవాళే ఆఖరు రోజు.

వకుళ ఆఫీసు నుంచి హడావిడిగా వచ్చేసరికి, నిన్ననే డయాలసిస్ చేయించుకొచ్చిన అత్తగారు సుభద్రమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అత్తయ్యా, మండలి వాళ్లు ఫోన్ చేశారా?"

"చేశారమ్మా. ఆ పిల్ల ఎంత మర్యాదగా అడిగిందో! ఇంటికి పెద్దవారు, మీ అభిప్రాయం చెప్పండమ్మా అంది."

"మీరేమన్నారు?"

"చదువుకున్నవాళ్లు, ఆలోచించే రాసుంటారు, మీ ఇష్టం తల్లీ అన్నాను. పరాయివాళ్లతో మనకి వాదనెందుకు?"

వకుళ మండలికి ఫోన్ చేసింది. ఇంటికి ఒక్క అభిప్రాయమేననీ, సమ్మతి నమోదైపోయిందనీ, మళ్లీ సవరణ అయిదేళ్లకేననీ చెప్పారు.

"ఏమ్మా, తప్పుగా ఏమైనా అన్నానా?"

"లేదత్తయ్యా," అంది వకుళ. "మర్యాదగానే చెప్పారు."