మార్చిన పేజీ

"ఈ మాట నేను అనలేను" అన్నాడు అతిథి.

సెట్లో అందరూ తలలు తిప్పారు.

టీవీలో మూడేళ్లుగా నడుస్తున్న కామెడీ సీరియల్ అది. ఆ రోజు కథలో ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తుంది. బాగుచేయడానికి ఒక వింత మనిషి వస్తాడు.

ఆ వేషానికి నిజంగానే అలాంటి మనిషిని పట్టుకొచ్చారు. సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి గుప్పిట్లోనూ ఉండకూడదని ఊరూరా తిరిగి చెప్పే మనిషి. భుజాన కుట్లేసిన సంచి. చేతిలో మొబైల్ కూడా లేదు. యూనిట్ వాళ్లు అప్పుడే 'కంప్యూటర్ సన్యాసి' అని పేరు పెట్టేశారు.

"ఏ మాట సార్?" డైరెక్టర్ అడిగాడు.

"'ఇది దొంగ కాపీ, గుట్టుగా వాడుకోండి' అన్నది."

"జోక్ సార్ అది."

"తెలుసు. కానీ నేనిచ్చేది దొంగ సరుకు కాదు. రాసినవాళ్లే 'వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి' అని ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ తేడా చెప్పడమే నా పని. టీవీలోకొచ్చి నేనే తలకిందులుగా చెబితే ఎలా?"

సోఫాలో కూర్చున్న అత్తగారికి ఒళ్లు మండింది. సీరియల్లో ఆవిడది అత్త వేషం. కెమెరా ఆపినా అందరికీ అత్తగారే.

"ఊరికే వచ్చేదానికి ఇంత పట్టింపా నాయనా?"

అతిథి చటుక్కున ఇటు తిరిగాడు.

"మీ గొంతు ఎక్కడో విన్నానమ్మా."

"వినకేం? వారానికి ఐదు రోజులు టీవీలో వస్తుంది."

"మా ఇంట్లో టీవీ లేదు."

మేకప్ అమ్మాయి కిసుక్కుమంది.

"సరే, సీన్ మారుద్దాం" అన్నాడు డైరెక్టర్ విసుగ్గా.

రైటర్ గోడకి కాగితం ఆనించి అక్కడికక్కడే గిలికేశాడు.

"పావుగంటలో టేక్. అత్తగారూ, మీకే ఎక్కువ మాటలు."

కాగితం చేతిలో పడగానే ఆవిడ లేచి మేకప్ గదికి నడిచింది.

ఏడాదిగా ఆవిడకి అక్షరాలు కనబడటం లేదు. మనుషులు మసక మసగ్గా తెలుస్తారు. సెట్లో ఏది ఎక్కడుందో అలవాటు మీద నడిచిపోతోంది.

ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే మర్నాటికి ఆ సోఫాలో ఇంకో అత్త ఉంటుంది. పోయిన నెల రెండుసార్లు డైలాగ్ తప్పిపోతేనే, నిర్మాత "అత్త పాత్రని కొన్నాళ్లు ఊరికి పంపిద్దామా" అన్నాడు.

ఇన్నాళ్లూ ఆవిణ్ణి కాపాడింది ఫోన్లోని ఒక ప్రోగ్రాం. రైటర్ ముందు రోజు టైప్ చేసి పంపే సీన్లని చెవిలో చదివి వినిపిస్తుంది. పైసా అడగదు. ఏదైనా ఇబ్బంది వస్తే ఆవిడ మారుపేరుతో, గొంతు రికార్డు చేసి దాన్ని తయారుచేసినవాళ్లకి పంపేది. వారం తిరిగేలోగా సరైపోయేది. ఎవరో పెద్ద కంపెనీ వాళ్లు అయివుంటారనుకునేది.

'చేతిరాత కూడా చదివేలా చెయ్యండి, నా బతుకుతెరువు దానిమీదే ఉంది' అని పోయిన నెలే పంపింది.

ఈసారి మాత్రం జవాబు లేదు.

మేకప్ గదిలో కూర్చుని, చదువుతున్నట్టు కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, కాస్త సాయం చేస్తారా?"

అతిథి గొంతు.

"నాకు నటన కొత్త. మీ మాటలు, నా మాటలు అన్నీ నేనే పైకి చదువుకుంటాను. మీరు ఊరికే వినండి. తప్పుంటే చెప్పండి."

గదిలో మేకప్ అమ్మాయి ఉంది, లైట్లబ్బాయిలిద్దరున్నారు. అత్తగారు బింకంగా కాగితం అతని చేతికిచ్చింది.

"చదువు. పెద్దగా చదువు."

అతను తడుముకుంటూ రెండుసార్లు చదివాడు. ఆవిడకి రెండుసార్లు చాలు.

టేక్ మొదలైంది.

"ఇది వాడుకోవచ్చమ్మా. బాగాలేకపోతే బాగుచేసుకోవచ్చు. పక్కింటికి కూడా ఇవ్వచ్చు" అన్నాడు అతిథి.

"అవునా? మా అల్లుడిక్కూడా అలాంటి ఏర్పాటేమైనా ఉందా నాయనా?"

కెమెరామన్‌తో సహా అందరూ నవ్వారు. ఒక్క టేకులో ఓకే.

వెళ్తూ వెళ్తూ అతిథి ఆవిడ దగ్గర ఆగాడు.

"ఆ కాగితం నేనుంచుకోనా అమ్మా?"

"ఆ చిత్తు కాగితమా? ఏం చేసుకుంటావు?"

"కొంచెం పనుంది."

వింత మనిషి అనుకుందావిడ.

అతను గేటు దాటాక నిర్మాత వచ్చాడు.

"అత్తగారూ, ఈయనతో ఇంకో రెండు ఎపిసోడ్లు అనుకుంటున్నాం. మీరేమంటారు?"

ఇంకో రెండుసార్లు ఇలా కాగితాలు మారితే తన గుట్టు బయటపడక తప్పదు.

"వద్దు బాబూ. వచ్చినప్పుడల్లా సీన్ మార్పిస్తాడు. పైగా చదవడమే సరిగా రాదు. మేకప్ గదిలో వీళ్లంతా విన్నారు, అడగండి."

మేకప్ అమ్మాయి అవునంది.

నాలుగో రోజు ఆ వేషం ఇంకో నటుడు వేశాడు. 'దొంగ కాపీ' జోక్ మళ్లీ పెట్టారు. అతను కన్నుకొట్టి మరీ చెప్పాడు. అందరితో పాటు అత్తగారూ నవ్వింది.

షాట్ అయ్యాక మేకప్ కుర్చీలో వాలి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఫోన్ ఎప్పట్లాగే తాపీగా చదివింది.

"అమ్మా, ఆలస్యమైంది. ఏమీ అనుకోకండి, ఇదంతా చూసుకునేది నేనొక్కణ్ణే. మీరడిగింది పూర్తయింది. ఇకనుంచి కాగితాన్ని ఫోటో తీస్తే చాలు, చేతిరాత కూడా చదివేస్తుంది. మీ రైటర్ గారి రాత మాత్రం మూడు రోజులు ముప్పుతిప్పలు పెట్టింది, ఆ కాగితం అడిగి తీసుకున్నది అందుకే."