దొరగారి మనవడు

"మీ తాతయ్య తెల్లదొరగారి మనవడని చెప్పే నన్ను పెళ్లికి ఒప్పించారే," అంది భాగ్యమ్మ.

హెప్సిబా బందరు మిషన్ బడిలో పాత అడ్మిషన్ల పుస్తకం తిరగేస్తోంది. "నాన్నమ్మా, ఇదిగో మీ మావగారు కృపానందం! కన్నతండ్రి ఎవరో తెలియదని రాశారు."

"అయితే దొరా లేడు, గీరా లేడు! నన్ను నిలువునా మోసం చేశారు," అని పకపకా నవ్వింది భాగ్యమ్మ.

"కింద ఇంకా ఉంది. 'గిలకలదిండి ఒడ్డున దొరికిన పసివాడు. జాలరి అప్పయ్య పెంచుతున్నాడు. కన్నది తాను కాదంటూనే తండ్రిగా వేలిముద్ర వేశాడు.'"

భాగ్యమ్మ నవ్వు ఆగింది. వెలిసిపోయిన ఆ ముద్ర మీద వేలు ఆనించింది.

"ఇంటికెళ్లగానే మన బైబిల్లో వంశం పేర్లు రాసిన పేజీలో దొర పేరు కొట్టేసి అప్పయ్యగారని రాయి. గారు మర్చిపోకే, మా మావగారి నాన్నగారాయన!"