ఎర్ర నాచు రాయి

"ఆంటీ, ఆ సంచి ఓపెన్ చేయండి."

స్మృతి గొంతు విని, రాయి మీద వంగి ఉన్న దెబోరా ఆంటీ నెమ్మదిగా లేచింది.

చేతిలో పాత బియ్యం సంచి. దాని నిండా తడి ఎర్ర నాచు.

స్మృతికి ఏడుపొచ్చినంత పనైంది.

సముద్రపు నాచు రకాలను గుర్తుపట్టడమే ఆమె చదువు. ఒక అరుదైన ఎర్ర నాచు న్యూజెర్సీలో బీచ్ పక్కనున్న రాళ్ళ గట్టు మీద, ఈ ఒక్క రాయిని పట్టుకుని బతుకుతోంది. ఆమె మాస్టర్స్ ప్రాజెక్ట్ మొత్తం ఈ రాయి మీదే ఉంది.

ఆ సంగతి దెబోరా ఆంటీకి బాగా తెలుసు.

ఆంటీది చీరాల. రిటైరైన నర్సు. ఇల్లు బీచ్ పక్కనే. స్మృతి మొదటిసారి ఇక్కడికొచ్చిన రోజే "తెలుగువాళ్ళా అమ్మా?" అని పలకరించింది. చలిలో ఫ్లాస్కుతో టీ తెచ్చేది. పెరట్లో పండిన గోంగూరతో పచ్చడి చేసి డబ్బాలో పెట్టిచ్చేది. మొక్కలకు ఎరువేమిటని అడిగితే, ఇక్కడి నాచేనని నవ్వేది.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కాబోలనుకుంది స్మృతి. ఆ పచ్చడి లొట్టలేసుకుంటూ తింది.

"ఇదా మీ ఎరువు?"

"ఇదేనమ్మా."

"ఇది నా నాచు ఆంటీ! మీకు అన్నీ చెప్పాను కదా!"

"నీది కాదు తల్లీ, ఇది వేరే రకం. కొన చూడమని నువ్వే నేర్పావుగా. ఇదిగో, ఈ కొమ్మ తీసుకెళ్ళి మైక్రోస్కోపులో చూసుకో."

"నేను స్టడీ చేసేదే ఇది. మీరు నాకు చెప్తారా?"

"అది కాదమ్మా, నేను పీకకపోతే..."

"పీకకపోతే మీ గోంగూర పెరగదు. అంతేగా?"

ఆంటీ ముఖం చిన్నబోయింది. కొమ్మ పట్టుకుని చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

స్మృతి ఆ కొమ్మ అందుకోలేదు. ఫోన్ తీసి సంచిని ఫోటో కొట్టింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. పరాయివాళ్ళు చేసి ఉంటే కోపం వచ్చేది, అంతే. అయినవాళ్ళలా టీ పోసిన చెయ్యే ఈ పని చేసింది. కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మొక్కల్నీ నాచుల్నీ గుర్తుపట్టే యాప్‌లో తన అరుదైన నాచు పేరుతో ఆ ఫోటో పెట్టింది. అందులో ఒకరు పేరు చెబితే మిగతావాళ్ళు అగ్రీ కొట్టాలి. అప్పుడే ఆ పేరు ఖాయమవుతుంది.

ఎడిసన్‌లో ఉన్న తండ్రి భాస్కర్‌కి ఫోన్‌లో అంతా చెప్పింది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టేశావమ్మా! లింక్ పంపించు" అన్నాడాయన.

తెలుగు ఫ్యామిలీస్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. "మన స్మృతి రేర్ స్పీసీస్‌ని సేవ్ చేస్తోంది. అందరూ అకౌంట్ క్రియేట్ చేసి అగ్రీ కొట్టండి ప్లీజ్."

మనవాళ్ళ సంగతి తెలిసిందే. పిల్లల డాన్స్ వీడియోలకు లైకులు కొట్టి కొట్టి ఆరితేరిన వేళ్ళవి. ఆంటీలు అగ్రీ. అంకుల్స్ అగ్రీ. విశాఖ బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తినడం తప్ప సముద్రంతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా ఆ నాచును చూడగానే గుర్తుపట్టేశారు.

స్మృతి కంప్లైంట్ అందిన పార్కు ఆఫీసరు యాప్‌లో ఖాయమైన పేరు చూశాడు. దెబోరా ఆంటీ ఇక ఆ గట్టు మీద అడుగు పెట్టకూడదని ఆర్డరు వేశాడు.

ఆంటీ ఫోన్ చేసింది. స్మృతి ఎత్తలేదు.

చలికాలమంతా ల్యాబ్‌లోనే గడిచింది. వేసవి మొదలవగానే ప్రొఫెసర్‌ను వెంటబెట్టుకుని బీచ్‌కి వెళ్ళింది.

రాయి మీద జానెడు మందాన ఎర్ర నాచు.

"చూశారా, ఎంత పెరిగిందో!" స్మృతి గంతులేసినంత పని చేసింది.

ప్రొఫెసర్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక కొమ్మ తెంపింది. కొనకు భూతద్దం పెట్టి చూసింది. ఇంకో చోట తెంపింది. ఇంకో చోట.

"ఇది నీది కాదు స్మృతీ. ఓడలకు అంటుకుని ఎక్కడినుంచో వచ్చిన రకం. తడిగా ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి."

"మరి నాది?"

ప్రొఫెసర్ ఆ నాచును పక్కకు ఒత్తి చూపించింది. అడుగున తెల్లగా కుళ్ళిన మొదళ్ళు.

"ఇది ఎక్కిన రాయి మీద ఇంకేదీ బతకదు. రెండేళ్ళ కిందటే గట్టంతా కమ్మేసింది. నీ రాయి ఒక్కటే ఎలా మిగిలిందో నాకు అంతుపట్టేది కాదు. ఎవరో చేత్తో ఒక్కో కొమ్మా ఏరి తీసి ఉండాలి."

స్మృతికి ఆంటీ చేతిలోని బియ్యం సంచి గుర్తొచ్చింది. పక్కకు వెళ్ళి దెబోరా ఆంటీకి ఫోన్ చేసింది. కూతురు జెనిఫర్ ఎత్తింది.

"ఆంటీతో మాట్లాడాలి జెనిఫర్. సారీ చెప్పాలి."

"మమ్మీ రిహాబ్‌లో ఉంది. రెండు మోకాళ్ళకీ సర్జరీ అయింది."

"అయ్యో, సడన్‌గానా?"

"సడన్ ఏంటి? డాక్టర్ టూ ఇయర్స్ నుంచి చెప్తున్నాడు. మమ్మీనే పోస్ట్‌పోన్ చేసింది. నీ ప్రాజెక్ట్ అయ్యేదాకా ఆ రాయి మీద కలుపు తీయాలంట. నీకు తెలిస్తే తన మోకాళ్ళు చూసి వద్దంటావని, గోంగూర కోసం అని చెప్పేది."



జెనిఫర్ మామూలుగానే చెప్పుకుపోయింది. "బీచ్‌కి రావద్దన్నారు కదా... ఎలాగూ వెళ్ళనివ్వరు, ఇంక నేను మంచమెక్కినా ఆ పిల్ల చదువుకి కొత్తగా నష్టమేం లేదులే అని, అప్పుడు సర్జరీకి ఒప్పుకుంది."