రంపానికి రెండో చెయ్యి

ప్రభువు బల్ల దగ్గర కృపాదానం రొట్టె తీసుకున్నాడు. ద్రాక్షరసం గిన్నె మాత్రం పెదవికి తగలనివ్వకుండా పక్కవాడికి అందించేశాడు.

మదనపల్లె గుడిలో ఆ ఆదివారం అందరి కళ్లూ అతని మీదే. మనసులో తగాదా పెట్టుకున్నవాడు ప్రభువు గిన్నె ముట్టకూడదు. అది వాళ్ల కట్టుబాటు. ముట్టలేదంటే ఎవరితోనో పడలేదన్నమాట.

గుడి బయట సంఘపెద్ద నిలేశాడు.

"ఎవురితో అప్పా తగాదా?"

"ఎవురితోనూ లేదయ్యా."

"మరి యాల ముట్టలా?"

కృపాదానం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు.

కుప్పం నుంచి వచ్చిన వడ్రంగి అతను. పగలంతా మిషన్ ఆసుపత్రికి మంచాలు చేసేవాడు. యేసమ్మ ఇంటి వెనక కొట్టంలో బాడుగకు ఉండేవాడు.

"గిన్నె ముట్టని మనిషిని ఇంట్లో పెట్టుకుంటివే" అని ఇరుగమ్మలు యేసమ్మను ఎత్తిపొడిచారు.

"నేనేమన్నా పిల్లనిచ్చినానా? కొట్టమిచ్చినా, అంతే."

యేసమ్మ బాధ యేసమ్మది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మద్యనిషేధంతో మూతపడిన కల్లంగళ్లు మళ్లీ తెరిచారు. భర్త జయరత్నం పొద్దు గూకితే చాలు, కొడుకు చేతికి ముంత ఇచ్చి కల్లుకు పంపేవాడు. వరప్రసాద్‌కి అప్పుడు పద్నాలుగేళ్లు.

ముంత ఇంటికొచ్చాక, "మొదటి గుక్క నీదిరా. మొగోడివి కావద్దా?" అనేవాడు తండ్రి. అతనికి వాళ్ల నాయన అట్లాగే నేర్పాడు మరి.

యేసమ్మ పొయ్యి ముందు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. మొగుడికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. వీడూ ఆ దోవనే పోతాడేమోనని ఒకటే దిగులు.

ఒకరోజు సరిగ్గా ముంత చేతికిచ్చే వేళకు కొట్టంలోంచి కేక.

"వరప్రసాదూ, ఇట్ల రారా. రంపానికి రెండో పక్క మనిషి లేడు."

ఇద్దరు పట్టి లాగే పెద్ద రంపం అది. ఒక్కడితో సాగదు.

"పో, పనన్నా నేర్చుకుంటావు" అని జయరత్నం ముంత తానే పట్టుకుని పోయాడు.

మరునాడూ అదే వేళకు అదే కేక. ఆ తర్వాత రోజూ అంతే. పిల్లవాడు తల నిండా రంపపు పొట్టుతో, అరచేతుల్లో బొబ్బలతో వచ్చి, సంగటి తింటూ తింటూనే నిద్రపోయేవాడు.

యేసమ్మకు ఒళ్లు మండింది. కొట్టం ముందు నిలబడింది.

"ఏమప్పా, కొట్టం బాడుగకిస్తిమి గానీ బిడ్డను గూడా ఇస్తిమా? నీకు ఎద్దు కావాలంటే సంతకు పో."

"ఇంగ కొంచిమే తల్లీ. ఈ మొద్దు అయిపోవస్తాంది."

ఆ మొద్దు రెండేళ్లయినా అయిపోలేదు.

ఆ రెండేళ్లూ యేసమ్మ అతనికి పండగనాడైనా ఇంత కూర పెట్టలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేది.

జయరత్నం కడుపుబ్బి చనిపోయాడు. సమాధి చేసిన వారానికే కృపాదానం రంపం భుజాన వేసుకుని కుప్పం బస్సెక్కాడు.

"పీడ పోయింది" అని యేసమ్మ కొట్టానికి గొళ్లెం పెట్టేసింది.

వరప్రసాద్ చదువుకున్నాడు, బడిలో అయ్యవారయ్యాడు. పంతొమ్మిది వందల నలభై తొమ్మిదిలో పుంగనూరు నుంచి సంబంధం వచ్చింది. పెళ్లికూతురి తండ్రి మాత్రం నసిగాడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. మీ ఇంటాయన తాగేవాడంట. అట్లాంటి ఇండ్లల్లో పెరిగిన మొగపిల్లోళ్లు..."

యేసమ్మ నడుం నిలబెట్టి కూర్చుంది.

"ఊర్లో ఎవుర్నన్నా అడగప్పా. వాళ్ల తాత తాగినాడు, నాయన తాగినాడు. నా బిడ్డ చుక్క ముట్టడు. ఎవురి పెంపకం అనుకుంటివి? నాది."

పెళ్లికూతురి తండ్రి నవ్వాడు. సంబంధం కుదిరింది. పిల్లకు మంచం తానే చేయిస్తానన్నాడు.

"కొట్టం నిండా కోసిన పలకలుండాయి. ఆ కుప్పమాయప్ప ఇడిసిపెట్టి పోయినాడు. పనికొస్తాయేమో సూడు" అంది యేసమ్మ.

ఆయన కొట్టంలోకి పోయి గడ్డం గోక్కుంటూ వచ్చాడు.

"అన్నీ చింతపలకలే గదమ్మా. పొయ్యిలో పెట్టేవి. వీటితో ఏ వడ్రంగీ మంచం చెయ్యడు. ఇంత కష్టపడి కోసినోడికి పిచ్చి గానీ ఉండిందా?"

యేసమ్మ కొడుకు మొహం చూసింది.

"ఆయప్పకు పలకలతో పనిలేదమ్మా" అన్నాడు వరప్రసాద్. "పొద్దు గూకే యాళకు నా చేతులకు పని ఉండాల. అంతే."

"నీకు చెప్పినాడా?"

"ఒక్కసారి. గిన్నె యాల ముట్టవు మామా అని అడిగితే. అప్పటి నా వయసులోనే వాళ్ల నాయన ముంత నోటికందిచ్చినాడంట. అది దించేదానికి ఇరవై ఏండ్లు పట్టిందంట. పెండ్లాం బిడ్డలు ఇడిసిపెట్టి పోయినారంట. ద్రాక్షరసం చుక్క తగిలినా మళ్లా మొదలైతాదని భయం."

 యేసమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"కుప్పానికి నేనే పోతా. పెండ్లికి మొదటి పిలుపు ఆయప్పకే."

"పోయిన వానల్లోనే సచ్చిపోయినాడమ్మా. నేను పోయి మన్నేసి వచ్చినా. నువ్వు తిడతావని చెప్పలా."

తర్వాతి నెల గుడిలో గిన్నె యేసమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె పెదవికి తగలనివ్వకుండా పక్కామెకు అందించింది.

బయట సంఘపెద్ద నిలేశాడు.

"ఎవురితోమ్మా తగాదా?"

యేసమ్మ తలెత్తి చెప్పింది, "నా బిడ్డను పెంచిన కుప్పమాయప్పతో."