అమ్మ వచ్చింది

ఊళ్ళో కుక్కలన్నిటి మెడలకీ, వాటి మనసులో మాట పైకి చెప్పే మాటల పట్టీలు వచ్చేశాయి. సాయంత్రమైతే చాలు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ చూసి "నాన్న వచ్చాడు, అక్క వచ్చింది" అని వీధంతా ఒకటే గోల. ఏడాది కిందట సత్యవేణి భర్త పోయినప్పటినుంచీ ఆమె కుక్క బొబ్బట్టు మాత్రం నోరు విప్పలేదు. సత్యవేణి గడప దాటడమే మానేసింది, ఆ ఇంటికి వచ్చేవాళ్ళెవరు?

ఆవేళ కాఫీ తాగి, సగం రంగు వేసి ఏడాదిగా అటకమీద వదిలేసిన కొయ్య ఏనుగు బొమ్మను దింపి కుంచె పట్టింది. అంబారీకి ఎర్రరంగు తగలగానే చెయ్యి దానంతటదే పరుగెత్తింది. తెలియకుండానే మునుపటి కూనిరాగం అందుకుంది.

బొబ్బట్టు దిగ్గున లేచి, రంగు గిన్నె తన్నేసి ఒళ్ళోకి దూకింది.

"అమ్మ వచ్చింది," అంది మెడలో పట్టీ.

"నేనెక్కడికెళ్ళానే పిచ్చిమొహమా, ఇంట్లోనే ఉన్నాగా," అంది సత్యవేణి.

బొబ్బట్టు వింటేనా? ఎర్రటి పాదాలతో వీధిలోకి పరుగెత్తి, కనబడ్డవాళ్ళందరికీ చెప్పేస్తోంది.